తుఫానులో ఇల్లు, కరెంటు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్ వైపు ఇళ్లకు వైరింగ్ పని చేస్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఆంధ్రలోని పలాస దగ్గర తీరం దాటింది. ఆ దెబ్బ సరిహద్దుకు ఇటు గజపతి జిల్లాకూ, అటు శ్రీకాకుళం జిల్లాకూ తగిలింది. గాలి హోరెత్తినంతసేపూ మనవాళ్లు జాగ్రత్తగానే ఉంటారు. నా భయమంతా అది తగ్గాక చేసే పనుల గురించే.

అపోహ: ఊరంతా కరెంటు లేదు, తెగిపడ్డ తీగలో ఏముంటుంది?

వాస్తవం: లైన్ బాగైందో లేదో చూడ్డానికి ఏ నిమిషంలోనైనా సప్లై ఇస్తారు. రెండో ప్రమాదం మన ఇళ్ల నుంచే వస్తుంది. వైరుకు రెండు కొసలా ప్లగ్గులు బిగించి, జనరేటర్ కరెంటును గోడ సాకెట్లోకి ఎక్కించే ఇళ్లు నేను చాలా చూశాను. మెయిన్ ఆపకపోతే అది సర్వీసు వైరు మీదుగా స్తంభానికి వెళ్తుంది. 11,000 వోల్టులను తగ్గించి మనకిచ్చే ట్రాన్స్‌ఫార్మరే అప్పుడు తిరగబడి వోల్టేజీ పెంచేస్తుంది. పైనున్న లైన్‌మన్ ప్రాణం పోవచ్చు. ఆ ప్లగ్గు చేసిమ్మని ఎవరడిగినా నేను చెయ్యను. లైన్ కరెంటు, జనరేటర్ కరెంటు రెండింట్లో ఒక్కటే ఇంటికి కలిసేలా చేసే చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. లేదంటే జనరేటర్ నుంచి నేరుగా ఎక్స్‌టెన్షన్ బోర్డుతో ఫ్యాను, ఫ్రిజ్ నడుపుకోండి. జనరేటర్ ఆరుబయట, కిటికీలకు దూరంగా ఉండాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే చంపేస్తుంది.

పడిన కొమ్మల కింద తీగ కనబడదు, పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది. కత్తి పట్టుకుని వెళ్లొద్దు బాబూ. పది మీటర్ల దూరంలో ఒకరు నిలబడి పిల్లల్నీ పశువుల్నీ ఆపండి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చెయ్యండి.

అపోహ: గాలి ఒక్కసారిగా ఆగింది, తుఫాను దాటిపోయింది.

వాస్తవం: తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి లేని చోటు, నెత్తిమీదికి వచ్చి ఉండొచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. దాటిపోయిందని అధికారులు చెప్పేదాకా బయటికి రావొద్దు.

అపోహ: కిటికీలు తెరిస్తే గాలి ఇటు నుంచి అటు పోతుంది, కప్పు నిలుస్తుంది.

వాస్తవం: లోపలికొచ్చిన గాలి కప్పును కిందనుంచి తోస్తుంది. అన్నీ మూసేయండి. రేకుల మీద రాళ్లు పెట్టడం ఇంకా ప్రమాదం, రేకు లేస్తే రాయి మన మీదే పడుతుంది. రేకుల ఇల్లు, పూరిల్లు అయితే ముందురోజే తుఫాను షెల్టర్‌కు వెళ్లిపోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

అపోహ: సముద్రానికి దూరంగా ఉన్నాం, మాకేం కాదు.

వాస్తవం: తిత్లీ వానలకు మన జిల్లాలోనే బరఘరలో కొండచరియ విరిగిపడి జనం చనిపోయారు. మహేంద్రతనయ నది పొంగింది. కొండ వాలులో ఇల్లున్నవాళ్లు వాన ముదరకముందే కదలాలి.

అపోహ: రబ్బరు చెప్పులుంటే పిడుగు ఏమీ చెయ్యదు.

వాస్తవం: మబ్బుల నుంచి దిగొచ్చే పిడుగుకు చెప్పు ఒక అడ్డే కాదు. ఇంట్లో ఉండండి. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ పట్టుకోవద్దు, కుళాయి దగ్గరికి వెళ్లొద్దు. చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగండి.

ఇంట్లోకి నీళ్లొస్తాయనిపిస్తే మెయిన్ ముందే ఆపేయండి, నీళ్లలో నిలబడి మాత్రం ముట్టుకోవద్దు. నీళ్లు దిగాక బోర్డులు పైకి ఆరినట్టే ఉన్నా గోడలో పైపుల్లో నీరు నిలిచి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చూశాకే మెయిన్ వెయ్యండి.