ట్రూ వచ్చిందంటే మెసేజ్ చేరినట్టు కాదు: నోడ్‌లో ర్యాబిట్‌ఎంక్యూ అపోహలు, వాస్తవాలు

విశాఖ రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) మీద పనిచేసేవాళ్లు మాటలు మార్చి అడిగే ప్రశ్న ఒకటే: "ఆర్డర్ పంపినట్టు లాగ్‌లో ఉంది, క్యూలో మాత్రం లేదు. ర్యాబిట్‌ఎంక్యూ మింగేసిందా?" ర్యాబిట్‌ఎంక్యూ అంటే ప్రోగ్రాముల మధ్య మెసేజ్‌లు తీసుకుని, క్యూలో ఉంచి అందించే బ్రోకర్. పక్కనుంచి ఎవరో ఒకరు "లోడ్ పెరిగితే అది మెసేజ్‌లు పోగొడుతుంది, కాఫ్కాకి మారిపోండి" అనేస్తారు (కాఫ్కా ఇంకో మెసేజ్ వ్యవస్థ). దయచేసి ఆ మాట నమ్మి నెలల పని నెత్తిన వేసుకోకండి. ఇలాంటి కేసుల్లో చాలావాటిలో మెసేజ్ బ్రోకర్ గడప తొక్కనే లేదు.

అపోహ: క్యూకి మెసేజ్ పంపే సెండ్‌టుక్యూ ఫంక్షన్ ట్రూ ఇచ్చింది, కాబట్టి మెసేజ్ చేరింది.

వాస్తవం: నోడ్ నుంచి ర్యాబిట్‌ఎంక్యూతో మాట్లాడే లైబ్రరీ ఏఎంక్యూపీలిబ్‌లో ఆ ట్రూకి ఉన్న అర్థం ఒక్కటే: మీ ప్రాసెస్‌లోని రైట్ బఫర్‌లో (బయటికి వెళ్లేముందు డేటా ఆగే చోట) ఇంకా చోటుంది. బ్రోకర్ ఏమీ చెప్పలేదు, చెప్పే సమయమూ రాలేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ కార్గో కౌంటర్ మీద పార్సిల్ పెట్టి వచ్చేయడం వేరు, రసీదు చేతికి రావడం వేరు. ట్రూ రసీదు కాదు.

ఫాల్స్ వచ్చినా పోయినట్టు కాదు. బఫర్ నిండింది, అంతే. ఆ మెసేజ్ కూడా లోపలికి చేరింది. ఫాల్స్ చూసి మళ్లీ పంపేవాళ్లే గాజువాక కస్టమర్‌కి ఒకే ఆర్డర్‌ని రెండుసార్లు పంపిస్తున్నారు. అప్పుడు చేయాల్సింది బఫర్ ఖాళీ అయిందని చెప్పే డ్రెయిన్ ఈవెంట్ వచ్చేదాకా ఆగడం.

సెండ్‌టుక్యూ ముందు అవెయిట్ పెడితే మెసేజ్ చేరేదాకా ఆగుతుందని ఇంకో నమ్మకం. ఆ ఫంక్షన్ ప్రామిస్ (తర్వాత వచ్చే ఫలితం) ఇవ్వదు, బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్) ఇస్తుంది. అవెయిట్ దేనికోసమూ ఎదురుచూడదు. ఆ తర్వాతి లైనులో ప్రాసెస్ ఎగ్జిట్ ఉంటే బఫర్‌లో ఉన్నదంతా ప్రాసెస్‌తోపాటే పోతుంది. రాత్రి వేళకి వాటంతటవే నడిచే క్రాన్ స్క్రిప్టుల్లో "చివరి కొన్ని మెసేజ్‌లు రావడం లేదు" అంటే మొదట చూడాల్సింది ఇక్కడే.

మరి రసీదు ఎలా? క్రియేట్‌ఛానల్ బదులు, మెసేజ్ అందిందని బ్రోకర్ చేత కన్ఫర్మ్ (రసీదు) పంపించే క్రియేట్‌కన్ఫర్మ్‌ఛానల్ వాడండి. ప్రతి మెసేజ్‌కీ ఆగితే నెమ్మదిస్తుంది కాబట్టి ఓ 100 పంపి, ఒకసారి వెయిట్‌ఫర్‌కన్ఫర్మ్స్ మీద అవెయిట్ చేయండి. దేనికి కన్ఫర్మ్ వచ్చిందో విడిగా తెలియాలంటే పబ్లిష్‌కి చివర కాల్‌బ్యాక్ ఇవ్వండి. కన్ఫర్మ్ వచ్చేదాకా అసలు డేటాను వదిలేయకండి. డబ్బుతో ముడిపడినదైతే ఆర్డర్ రాసే ట్రాన్సాక్షన్‌లోనే పంపాల్సినవి రాసిపెట్టుకునే ఔట్‌బాక్స్ టేబుల్‌లోనూ ఒక వరుస రాసి, కన్ఫర్మ్ అయ్యాకే దాన్ని పంపినట్టు గుర్తు పెట్టండి. మధ్యలో కనెక్షన్ తెగితే మళ్లీ పంపాల్సి వస్తుంది, డూప్లికేట్ తప్పదు. అందుకే మెసేజ్ ఐడీ ఇచ్చి, కన్స్యూమర్ (మెసేజ్ అందుకునే ప్రోగ్రామ్) వైపు ఆ ఐడీ రెండోసారి పడకుండా దాని మీద యూనిక్ కీ పెట్టుకోవాలి.

ఇక్కడ అనుభవజ్ఞులూ జారే చోటు ఒకటుంది. రూటింగ్ కీ (మెసేజ్ ఏ క్యూకి వెళ్లాలో తేల్చే పేరు) తప్పుగా రాసి ఏ క్యూకీ చేరని మెసేజ్‌కి కూడా బ్రోకర్ కన్ఫర్మ్ ఇస్తుంది! "అందింది, పెట్టడానికి క్యూ లేదు, పారేశాను" అన్నది దాని లెక్క. పంపేటప్పుడు మ్యాండేటరీ ట్రూ పెట్టి, ఛానల్ మీద రిటర్న్ ఈవెంట్ వింటేనే అది మీకు తిరిగొస్తుంది. క్యూ పేరులో ఒక అక్షరం తేడాతో సెండ్‌టుక్యూ కూడా ఇలాగే నిశ్శబ్దంగా పోగొడుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

డ్యూరబుల్ (బ్రోకర్ రీస్టార్ట్ అయినా నిలిచే) క్యూ ఉంటే చాలన్నది తప్పు. అది కాపాడేది క్యూని. సాధారణ రకమైన క్లాసిక్ క్యూలో మెసేజ్ కూడా రీస్టార్ట్ తట్టుకోవాలంటే పంపేటప్పుడు పర్సిస్టెంట్ ట్రూ ఉండాలి.

కన్స్యూమర్‌లో నోయాక్ (పని అయిందని జవాబివ్వనక్కర్లేదు) ట్రూ పెడితే వేగం వస్తుందంటారు. వస్తుంది, కానీ మెసేజ్ సాకెట్‌లోకి తోసిన క్షణమే బ్రోకర్ దాన్ని మరిచిపోతుంది. మీ కోడ్ మధ్యలో పడిపోతే ఆ పని పోయినట్టే. వేగం కావాలంటే ప్రీఫెచ్ (జవాబివ్వకముందు ఒకేసారి ఎన్ని మెసేజ్‌లు తీసుకోవచ్చన్న హద్దు) చూసుకోండి. అది పెట్టకపోతే హద్దే ఉండదు, క్యూలో ఉన్నదంతా ఒకే ప్రాసెస్ మెమరీలోకి వచ్చి పడుతుంది. 10తో మొదలుపెట్టి కొలుచుకుంటూ పెంచండి.

కనెక్షన్ తెగితే లైబ్రరీయే మళ్లీ కలుపుతుందనుకోవద్దు. ఏఎంక్యూపీలిబ్ ఆ పని చేయదు. పైగా ఎర్రర్ ఈవెంట్ వినకపోతే నోడ్ ప్రాసెసే కూలిపోతుంది. క్లోజ్ ఈవెంట్‌లో కాస్త ఆగి మళ్లీ కలవడం, ఛానల్, కన్స్యూమర్ తిరిగి కట్టుకోవడం మీ బాధ్యత.

నాక్ చేస్తే (తిరస్కరిస్తే) మెసేజ్ పక్కకు పోదు. రీక్యూ (తిరిగి క్యూలో పెట్టడం) డిఫాల్ట్‌గా ట్రూ, అంటే చెడ్డ మెసేజ్ తిరిగి అదే కన్స్యూమర్ మీదికి వచ్చి సీపీయూని తినేస్తుంది. రీక్యూకి ఫాల్స్ ఇచ్చి, అలాంటి మెసేజ్‌లను పక్క క్యూకి మళ్లించే డెడ్ లెటర్ ఎక్స్‌ఛేంజ్ కట్టండి.

ఈ రాత్రి ఆన్‌కాల్‌లో ఉండి, మెసేజ్‌లు పోతున్నాయని గుండె దడగా ఉన్నవాళ్లు కోడ్ తిరగరాయకండి. 15672 పోర్టులోని మేనేజ్‌మెంట్ పేజీ తెరిచి మెసేజ్ రేట్ల గ్రాఫ్ చూడండి. పబ్లిష్ రేటే కనపడకపోతే మెసేజ్ మీ ప్రాసెస్ దాటలేదు. అన్‌రూటబుల్ డ్రాప్ (క్యూ దొరక్క పారేసినవి) లెక్క పెరుగుతుంటే రూటింగ్ కీ తప్పు. రెండూ బాగుంటే అప్పుడు కన్స్యూమర్ వైపు వెళ్లి, నోయాక్ నుంచి మొదలుపెట్టండి.