మ్యూజియంలో తాత్కాలిక ఎగ్జిబిషన్లు: అపోహలు - వాస్తవాలు

ఎగ్జిబిషన్లు ఏర్పాటు చేసే పని నాది. గ్యాలరీ గుమ్మం దగ్గర జనం విసుక్కోవడం రోజూ వింటుంటాను, అందులో సగం ముందే తెలిసుంటే పడాల్సిన విసుగు కాదు.

అపోహ: ఇంకా నెలలు ఉంది కదా, ఆఖరి వారంలో చూసొద్దాం.

వాస్తవం: ఎగ్జిబిషన్ ఉంటుంది, మీరు చూడాలనుకున్న బొమ్మ ఉంటుందన్న గ్యారంటీ లేదు. 2023లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం డచ్ చిత్రకారుడు వెర్మీర్ చిత్రాలు 28 ఒక్కచోటికి చేర్చింది. అది జూన్ 4 దాకా నడిచింది గానీ అందరూ అడిగే 'గర్ల్ విత్ ఎ పెర్ల్ ఇయర్‌రింగ్' మాత్రం మార్చి నెలాఖరుకే హేగ్‌లోని సొంత మ్యూజియానికి వెళ్లిపోయింది (టికెట్లేమో ప్రారంభమైన కొద్ది రోజులకే అయిపోయాయి). 2019లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం పెట్టిన లియొనార్డో డా విన్సీ ప్రదర్శనలోనూ అంతే, వెనిస్ నుంచి అరువు తెచ్చిన ఆయన గీసిన బొమ్మ 'విట్రూవియన్ మ్యాన్' డిసెంబరు మధ్యలోనే తిరిగెళ్లింది, ప్రదర్శనేమో ఫిబ్రవరి దాకా ఉంది. అరువిచ్చినవాళ్లు పెట్టిన గడువు అది, మా చేతుల్లో ఉండదు. అందుకే ఎగ్జిబిషన్ తేదీలతో పాటు మీకు కావాల్సిన వస్తువు ఎప్పటిదాకా ఉంటుందో కూడా చూసుకుని టికెట్ కొనండి.

అపోహ: మ్యూజియంలో ఉన్న ఫేమస్ వస్తువు ఎగ్జిబిషన్‌లో ఎలాగూ ఉంటుంది.

వాస్తవం: అదే లియొనార్డో ప్రదర్శనలో మోనాలిసా లేదు! పైనున్న తన హాల్లోనే ఉంది.

అపోహ: మసక లైట్లు 'మూడ్' కోసం.

వాస్తవం: కాగితం, బట్ట, నీటిరంగుల బొమ్మల మీద పడే వెలుగు సుమారు 50 లక్స్ (వెలుగును కొలిచే యూనిట్) దాటకుండా చూస్తాం. లైట్లు సర్దేటప్పుడు మీటరును బొమ్మ పక్కనే పట్టుకుని, అంకె దిగేదాకా ఒక్కో లైటూ తగ్గించుకుంటూ పోతాం. వెలుగు చేసే నష్టం రోజురోజుకీ పోగవుతూనే ఉంటుంది, వెలిసిన రంగు మళ్లీ రాదు. ఎండలోంచి నేరుగా లోపలికొచ్చి 'ఏమీ కనబడట్లేదు' అనకుండా రెండు నిమిషాలు ఆగండి, కళ్లు అలవాటుపడతాయి. పాత పుస్తకాలకైతే మధ్యలో పేజీ కూడా తిప్పుతాం, కాబట్టి ఫొటోలో చూసిన పేజీయే మీకు కనబడాలని లేదు.

అపోహ: స్లాట్ టికెట్ (ఫలానా టైముకి లోపలికెళ్లే టికెట్) ఉంటే రద్దీ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. స్లాట్ మొదలవగానే అందరూ కలిసే వస్తారు, అందరూ మొదటి బోర్డు దగ్గరే నిలబడి అక్షరం వదలకుండా చదువుతారు. వెనక్కి రానిచ్చే చోటైతే మొదటి గది వదిలేసి ముందుకెళ్లి, తర్వాత తిరిగి రండి. ఎక్కువచోట్ల లోపలికెళ్లే టైమే తప్ప బయటికొచ్చే టైము ఉండదు.

అపోహ: ఫొటోలు వద్దనేది పోస్ట్‌కార్డులు అమ్ముకోవడానికే.

వాస్తవం: చాలాసార్లు అది వస్తువు యజమాని షరతు, లేదంటే కాపీరైట్. ఒకే గదిలో ఒకదానికి సరేనని పక్కదానికి వద్దనడం అందుకే. గార్డుతో గొడవపడి లాభం లేదు, అతని చేతిలో ఏమీ ఉండదు.

ఇంకోటి, లేబుల్ చివర్లో చిన్న అక్షరాల లైను ఎవరూ చదవరు. ఆ వస్తువు ఎవరిదో, నకలైతే ఆ సంగతీ సాధారణంగా అక్కడే ఉంటుంది. నచ్చినదాన్ని మళ్లీ చూడాలంటే ఆ యజమాని పేరు రాసుకోండి. కాగితం బొమ్మ అయితే మాత్రం వెళ్లేముందు ఆ మ్యూజియం వాళ్లనే అడగండి, ఎగ్జిబిషన్ అయ్యాక అలాంటివి చాలాకాలం చీకటి స్టోరేజీలోనే ఉంటాయి.