ఏ అలవాటూ లేని మనిషికి ఎందుకొచ్చింది? తగవు మొదలైంది 2015 జనవరిలో

పొద్దున్నే నడక, మితమైన తిండి, సిగరెట్ ముట్టని మనిషి. అలాంటివాళ్లకి క్యాన్సర్ అని తెలిసిన ప్రతిసారీ పాత తగవు మళ్లీ లేస్తుంది. ‘ఎంత జాగ్రత్తగా ఉంటే మాత్రం ఏం లాభం’ అని కొందరు అంటారు. ‘ఏదో ఉండే ఉంటుంది, ప్లాస్టిక్కో, పురుగుమందో, ఆఫీసు టెన్షనో’ అని ఇంకొందరు ఆరా తీస్తారు. మంచం మీదున్న మనిషికి ఈ ఆరాయే ఎక్కువ గుచ్చుకుంటుంది.

పొగాకు, గుట్కా కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. ఇప్పటి తగవు 2015 జనవరి 2న ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసంతో మొదలైంది. రాసినవాళ్లు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి చెందిన ఇద్దరు. క్రిస్టియన్ తొమాసెట్టిది గణితం. బెర్ట్ వోగెల్‌స్టీన్ పెద్దపేగు క్యాన్సర్‌కి దారితీసే జన్యుమార్పుల వరుసను విప్పిచెప్పిన పరిశోధకుడు.

వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది. మనం తిన్న తిండి ముందు చిన్నపేగులోకే వెళ్తుంది. పొడవూ దానిదే ఎక్కువ. మరి క్యాన్సర్ పెద్దపేగుకి అంత మామూలుగా వస్తూ, చిన్నపేగుకి అంత అరుదుగా ఎందుకు వస్తోంది? మొత్తం 31 రకాల కణజాలాలను తీసుకుని, ఒక్కోదానిలో మూలకణాలు, అంటే కొత్త కణాలను పుట్టించేవి, జీవితకాలంలో ఎన్నిసార్లు విభజన చెందుతాయో లెక్కగట్టి, క్యాన్సర్ రేట్ల పక్కన పెట్టి చూశారు. విభజనలు ఎక్కువున్న చోట క్యాన్సరూ ఎక్కువే. మనుషుల్లో ఆ విభజనలు పెద్దపేగులో ఎక్కువ. ఎలుకల్లో చిన్నపేగులో ఎక్కువ, వాటికి క్యాన్సరూ అక్కడే ఎక్కువ.

కణం చీలేటప్పుడు దానిలోని డీఎన్ఏకి నకలు తయారవుతుంది, కారణం ఆ నకలులో ఉంది. ఒక మూలకణం రెండుగా చీలే ప్రతిసారీ సుమారు మూడు కొత్త తప్పులు పడతాయి. చాలావాటితో ఏ నష్టమూ ఉండదు. పడకూడని చోట పడ్డవి రెండో మూడో ఒకే కణంలో పోగైతేనే చిక్కు. వెనకటికి తాటాకు గ్రంథాలు ఎత్తిరాసిన లేఖకులు చివర్లో ఒక శ్లోకం జోడించేవారు. చూసింది చూసినట్టు రాశాను, తప్పో ఒప్పో, ‘మమ దోషో న విద్యతే’ అని. ఎంత మంచి వెలుతురులో, ఎంత శ్రద్ధగా కూర్చున్నా వెయ్యి ఆకులు రాసేసరికి ఎక్కడో ఒక అక్షరం జారుతుంది. ఒంట్లో జరిగేదీ అదే. చీకట్లో, పొగలో కూర్చుని రాస్తే తప్పులు పెరుగుతాయి, అదీ నిజమే.

ఇక్కడే అసలు పొరపాటు దొర్లింది. క్యాన్సర్ ముప్పులో అవయవానికీ అవయవానికీ మధ్య కనిపించే తేడాలో 65 శాతాన్ని విభజనల సంఖ్య వివరిస్తుంది అన్నది వ్యాసంలోని మాట. మర్నాటికి అది ‘మూడింట రెండొంతుల క్యాన్సర్లు దురదృష్టమే’ అయి ప్రపంచమంతా తిరిగింది. రెండూ ఒకటి కావు. రేపు అన్ని అవయవాల్లోనూ క్యాన్సర్ రెట్టింపైనా ఆ 65 మారదు. అలాగని తప్పంతా పత్రికలదే అనలేం. ‘దురదృష్టం’ అన్న మాట వ్యాసం సారాంశంలోనే ఉంది, యూనివర్సిటీ ప్రకటన శీర్షికలో మొదటి మాటే అది.

పదకొండు రోజులకు, జనవరి 13న, ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గట్టిగా ఖండించింది. రొమ్ము, గర్భాశయ ముఖద్వారం లాంటి ముఖ్యమైన క్యాన్సర్లు లెక్కలో లేవని, అమెరికా జనాభాను మాత్రమే చూశారని, జపాన్‌లో పెద్దపేగు క్యాన్సర్ రెండు దశాబ్దాల్లోనే నాలుగు రెట్లైందని గుర్తుచేసింది. దాదాపు సగం క్యాన్సర్లను నివారించవచ్చని చెప్పింది. ఇవి కొట్టిపారేసే మాటలు కావు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకి అంగిట్లో వచ్చే క్యాన్సర్ దగ్గర అదృష్టం ప్రస్తావన నిలవదు. అదే ఏడాది డిసెంబర్‌లో స్టోనీ బ్రూక్ యూనివర్సిటీవాళ్లు ‘నేచర్’లో నకలు తప్పుల్లాంటి లోపలి కారణాల వాటా 10 నుంచి 30 శాతానికి మించదని వాదించారు.

కానీ ఈ ఖండనలేవీ ఏ అలవాటూ లేని ఆ మనిషి ఇంట్లోవాళ్ల ప్రశ్నకు జవాబు కావు. సగం నివారించవచ్చంటే మిగతా సగం మాటేమిటి? 1948లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్, మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో రక్త క్యాన్సర్ పిల్లలకు కొంతకాలమైనా ఊరట దొరికిందని ప్రకటించాడు. ఆ పసిపిల్లలకి అలవాట్లెక్కడివి?

హాప్కిన్స్ వాళ్లు 2017 మార్చిలో మళ్లీ వచ్చారు, ఈసారి 69 దేశాల లెక్కలతో. క్యాన్సర్‌కి దారితీసే జన్యుమార్పుల్లో 66 శాతం నకలు తప్పులు, 29 శాతం అలవాట్లూ పరిసరాలూ, 5 శాతం వంశపారంపర్యం అన్నారు. ఊపిరితిత్తుల దగ్గర మాత్రం బయటి కారణాలదే 65 శాతం. 66 శాతం మార్పులు అంటే 66 శాతం రోగులని కాదని ఈసారి వాళ్లే వివరించారు. మూడు తప్పుల్లో ఒకటి పొగ వల్ల వచ్చినదైతే, ఆ ఒక్కటీ ఆపినా జబ్బు ఆగుతుంది. అందుకే 42 శాతం క్యాన్సర్లు నివారించదగ్గవన్న అంచనాతో తమకు పేచీ లేదన్నారు. ఈ ముక్క పెద్దగా ఎవరికీ చేరలేదు.

చేరనందువల్ల ఏమైందో 2024 నవంబర్లో చూశాం. తన భార్య నాలుగో దశ క్యాన్సర్ నుంచి వేపాకు, పసుపు, నిమ్మనీళ్లు, చక్కెర మానడం వల్ల బయటపడిందని మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ అమృత్‌సర్‌లో చెప్పాడు. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రిలో పనిచేస్తున్నవారూ, పనిచేసినవారూ 262 మంది క్యాన్సర్ వైద్యులు సంతకాలు చేసి దీనికి ఆధారం లేదన్నారు. ఆమెకు సర్జరీ, కీమో జరిగాయి మరి. తిండితో పోయిందంటే తిండితోనే వచ్చిందన్న అర్థం వెంటే వస్తుంది. జబ్బు పోనివాళ్లు సరిగ్గా పథ్యం చేయలేదన్న నింద కూడా.

2015 వ్యాసం చివర రచయితలు రాసుకున్న సలహా ఒకటుంది. నకలు తప్పుల్ని ఆపలేం కాబట్టి, వాటి ఫలితాన్ని ముందే పట్టుకోవడం మీద దృష్టి పెట్టాలని. 2023 జూన్‌లో చిరంజీవి హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ సెంటర్ ప్రారంభంలో చెప్పింది సరిగ్గా ఇదే. కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష చేయించుకుంటే క్యాన్సర్ కాని పాలిప్స్ (చిన్న కండ పెరుగుదలలు) కనిపించాయి, తీసేశారు. కొన్ని చోట్ల అది ‘చిరంజీవికి క్యాన్సర్’ అని వచ్చింది, ఆయన మళ్లీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ప్రభుత్వం 30 దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు పెట్టింది, పెద్దపేగు అందులో లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతం.