మెదడుతో పని లేకుండా నడిచే పేగు

విజయనగరంలో ఆదివారం పొద్దున్నే మటన్ దుకాణం దగ్గర బోటీ కోసం నిలబడేవాళ్లు చూసే ఉంటారు. మేకను కోసి పేగులు పళ్లెంలో వేశాక కూడా అవి కాసేపు మెలికలు తిరుగుతూనే ఉంటాయి. ఒకచోట బిగుసుకుంటాయి, పక్కనే వదులవుతాయి. తల వేరైపోయింది, మెదడుతో లంకె తెగిపోయింది. మరి కదలిక ఎక్కడిది?

ఆ పేగు గోడలోనిదే. కండరాల మధ్య కహాల్ కణాలనేవి ఉండి లయ పుట్టిస్తుంటాయి. మన జీర్ణాశయంలో అది నిమిషానికి సుమారు 3 సార్లు, చిన్నపేగు మొదట్లో 12 సార్లు. వాటికి తోడు పేగుకు సొంత నాడీకణాలున్నాయి. మనిషిలో అవి 10 కోట్లకు పైనే. అన్నవాహిక నుంచి మలద్వారం దాకా రెండు వలలుగా అల్లుకుని ఉంటాయి. లోపలి వల రసాలు, నీళ్లు, రక్తప్రసరణ చూసుకుంటుంది. దాన్ని 1857లో మైస్నర్ వర్ణించాడు. అడ్డ కండరానికీ నిలువు కండరానికీ మధ్యనున్న రెండో వలను 1862లో ఆవర్‌బాక్ కనుక్కున్నాడు. కదలిక దీని చేతిలో ఉంటుంది.

చోడి అంబలైనా, పనసపొట్టు కూరైనా పేగులోకి దిగగానే గోడ సాగుతుంది. లోపొరలోని కొన్ని కణాలు వెంటనే సెరటోనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. మన ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతం దాకా ఉండేది పేగులోనే. ఆ కబురు అందుకున్న నాడీకణాలు రెండు వైపులకూ సంకేతం పంపుతాయి. ముద్దకు వెనక ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కండరాన్ని బిగిస్తుంది, ముందు నైట్రిక్ ఆక్సైడ్ వదులు చేస్తుంది. ముద్ద ముందుకు జరుగుతుంది. 1899లో బేలిస్, స్టార్లింగ్ కుక్క పేగుకు బయటి నుంచి వచ్చే నరాలన్నీ కోసేసినా ఇదే జరిగింది. 1917లో ట్రెండెలెన్‌బర్గ్ గినీపంది పేగు ముక్కను పూర్తిగా బయటికి తీసి, లోపల ద్రవం నింపి చూశాడు. అదీ తోసింది! ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరించే ప్రయోగం ఇది.

అలాగని మెదడుకు సంబంధమే లేదని కాదు. పరీక్ష టెన్షన్‌కు కడుపులో తిప్పేది అందుకే. కాకపోతే రెంటినీ కలిపే వేగస్ నాడిలో 80 శాతం దాకా పోగులు పేగుల్లాంటి లోపలి అవయవాల కబుర్లను పైకి మోసేవే.

ఈ నాడీకణాలు పేగులో పుట్టవు. పిండం నాలుగో వారం నుంచి వెన్ను పక్క నుంచి వలస వచ్చి, చాలావరకు నోటి వైపు నుంచి కిందికి పాకుతాయి. సుమారు 5000 మంది పిల్లల్లో ఒకరికి అవి పెద్దపేగు చివరిదాకా చేరవు. దీన్నే హిర్ష్‌స్ప్రుంగ్ జబ్బు అంటారు. నాడీకణాలు లేని ఆ భాగం ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. పుట్టిన బిడ్డకు తొలి నల్ల విరేచనం అవ్వదు, కడుపు ఉబ్బుతుంది, పచ్చటి వాంతులవుతాయి. శ్రీకాకుళం పల్లెల్లో ఇలాంటప్పుడు "కాస్త ఆముదం పట్టించండమ్మా, అదే అవుతుంది" అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ప్రేమ నిజమే, కానీ లేని నాడీకణాలను ఆముదం తేలేదు. 48 గంటలు దాటినా విరేచనం కాకపోతే బిడ్డను పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే. వాంతి పచ్చగా ఉంటే అంతసేపూ ఆగకూడదు.

చికిత్స ఆపరేషనే. నాడీకణాలు లేని భాగాన్ని తీసేసి, బాగున్న పేగును కిందికి లాగి మలద్వారానికి కలుపుతారు. ఎక్కడ కోయాలో పైకి చూస్తే తెలియదు. అందుకే బిడ్డ బల్ల మీద ఉండగానే పేగు గోడ నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి ల్యాబుకు పంపుతారు. మైక్రోస్కోపు కింద నాడీకణాలు సరిగ్గా కనిపించాకే, అంతకంటే కాస్త పైన కోస్తారు.