మారీ యుహాచ్: ఒక్క స్పీచ్‌తో అయిపోయే కథ కాదు

మారీ యుహాచ్ పేరు వస్తే అందరూ ఒక్క మాటే చెప్తారు, 1919 ఫిబ్రవరి 19న వైమార్‌లో జర్మనీ జాతీయ సభలో మాట్లాడిన మొదటి మహిళ అని. నిజమే, కానీ అక్కడితో ఆపేస్తే ఆవిడకి అన్యాయం చేసినట్టే.

ముందు చట్టం సంగతి తెలియాలి. ప్రష్యాలో (జర్మనీలో అతిపెద్ద రాజ్యం) 1850 నుంచి ఆడవాళ్ళు రాజకీయ సంఘాల్లో చేరకూడదని రూల్ ఉండేది, ఓటు సంగతి దేవుడెరుగు, పార్టీ మెంబర్‌షిప్పే లేదు. అది 1908లో పోయింది, ఆ ఏడాదే మారీ సోషల్ డెమోక్రాటిక్ పార్టీలో చేరింది. అప్పటికే ఆవిడ చాలా చూసేసింది. 1879లో లాండ్స్‌బెర్గ్‌లో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది) వడ్రంగి ఇంట్లో పుట్టి, ఇళ్ళల్లో పనిచేసి, ఫ్యాక్టరీలో చేసి, మానసిక రోగుల ఆసుపత్రిలో నర్సుగా చేసి, కుట్టుపని నేర్చుకుని, ఒక టైలర్‌ని పెళ్ళి చేసుకుని, ఆ కాపురం నిలవక ఇద్దరు పిల్లల్ని తీసుకుని 1906లో చెల్లెలు ఎలిజబెత్‌తో కలిసి బెర్లిన్ వచ్చేసింది. అక్కాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో ఉండి, కుట్టుపనితో బతుకుతూనే పార్టీ పనిలోకి దిగారు.

1918 నవంబర్‌లో రాజరికం కూలిపోయి, కొత్త ప్రభుత్వం ఆడవాళ్ళకి ఓటు ఇచ్చింది. 1919 జనవరి 19న జరిగిన జాతీయ సభ ఎన్నికల్లో 37 మంది మహిళలు గెలిచారు, అందులో మారీ, ఎలిజబెత్ ఇద్దరూ ఉన్నారు. ఒకే ఇంటి నుంచి ఇద్దరు! నాకైతే ఇది స్పీచ్ కంటే గొప్పగా అనిపిస్తుంది.

స్పీచ్ మొదట్లో సభని పలకరించగానే సభలో నవ్వులు వినిపించాయి, అది సభ రికార్డులోనే ఉంది. ఆవిడ ఆగలేదు, ప్రభుత్వానికి మేము థ్యాంక్స్ చెప్పాల్సిన పని లేదు, ఇన్నాళ్ళు అన్యాయంగా మా దగ్గర ఆపేసింది ఇప్పుడిచ్చారు, అంతే అని తేల్చేసింది. ఓటుహక్కుని దానంలా తీసుకోవద్దని అంత సూటిగా చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి!

అదే ఆలోచన ఆవిడ తర్వాతి పనిలోనూ ఉంది. 1919 డిసెంబర్‌లో కార్మికుల సంక్షేమ సంస్థ ఆర్బైటర్‌వోల్‌ఫార్ట్ మొదలుపెట్టింది, పేదవాళ్ళు పైవాళ్ళ దయ కోసం చూడకుండా కార్మికులే ఒకరికొకరు నిలబడాలని. 1920 నుంచి 1933 దాకా రీచ్‌స్టాగ్‌లో (జర్మనీ పార్లమెంట్) ఉంటూనే ఆ సంస్థని నడిపింది.

1933లో నాజీలు వచ్చి సంస్థని మూసేశారు, ఆవిడ దేశం వదిలిపోయింది, ముందు జార్‌లాండ్ (అప్పట్లో అది జర్మనీ పాలనలో లేదు), తర్వాత ఫ్రాన్స్, అక్కడికీ జర్మన్ సైన్యం రావడంతో 1941లో కరీబియన్ దీవి మార్టినిక్ మీదుగా న్యూయార్క్. అటు రీచ్‌స్టాగ్‌లో 1933 నవంబర్ తర్వాత ఒక్క మహిళా సభ్యురాలు కూడా లేదు, పాతికేళ్ళ పోరాటం ఒక్క ఏడాదిలో తుడిచేశారు. యుద్ధం అయ్యాక ఆవిడ అమెరికా నుంచే బాధితులకి సాయం పంపే పనిలో పడింది, 1949లో 70 ఏళ్ళ వయసులో జర్మనీ తిరిగొచ్చి, మళ్ళీ తెరిచిన తన సంస్థకి గౌరవ అధ్యక్షురాలైంది. 1956లో డ్యూసెల్‌డార్ఫ్‌లో చనిపోయింది.