"పాట అందరికీ తెలిసిందే కదా!": ఆర్కెస్ట్రాతో రాక్ ట్రిబ్యూట్ షోలపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం మళ్లీ అదే ఫోన్. ఒక ట్రిబ్యూట్ బ్యాండ్ (పేరున్న బ్యాండ్ పాటల్ని స్టేజీ మీద వాయించే బ్యాండ్) మేనేజర్. ఆర్కెస్ట్రాతో షో ఇంకో మూడు వారాల్లో ఉంది. "పార్ట్స్ పని ఎంతవరకు వచ్చిందండీ?" అని అడిగాను. పార్ట్స్ అంటే ఒక్కో వాద్యం వాళ్లు ఏం వాయించాలో రాసిన కాగితాలు. "పార్ట్స్ దేనికండీ? అన్నీ సూపర్‌హిట్ పాటలే. వాళ్లంతా ప్రొఫెషనల్స్, రెండుసార్లు వింటే పట్టేస్తారు" అన్నాడాయన. ఫోన్ పెట్టేశాక కాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాను.

ఇలాంటి షోలకు ఆర్కెస్ట్రా అరేంజ్‌మెంట్లు రాయడం, పార్ట్స్ సిద్ధం చేయడం నా పని. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇప్పుడు రాసి పెడుతున్నాను, ఇకమీదట అడిగినవాళ్లకు ఇదే పంపిస్తాను.

అపోహ: పాట అందరికీ తెలిసిందే, ఆర్కెస్ట్రా పట్టేస్తుంది

సెకండ్ ఓబో (సన్నాయి లాంటి వాద్యం) వాయించే ఆవిడకు ఆ పాట చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చి ఉండొచ్చు. కానీ అందులో సెకండ్ ఓబో ఏం వాయించాలి? రికార్డింగ్‌లో ఎంత వెతికినా దొరకదు. అక్కడ అసలు ఓబోయే లేదు. గిటార్, బేస్, డ్రమ్స్, గొంతు, అంతే. మిగతా అరవై మందికి ఏం పని పెట్టాలో ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. రాయకపోతే వాళ్లు వాద్యాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. అది చేతకానితనం కాదు, ఆర్కెస్ట్రా నడిచే పద్ధతే అది.

ఇక రిహార్సల్ సంగతి. బ్యాండ్‌లో పెరిగినవాళ్లకు రిహార్సల్ అంటే నెలల తరబడి ఒక గదిలో చేరి అదే పాటను అరగదీయడం. ఆర్కెస్ట్రాతో మీకు దొరికేది మామూలుగా ఒక్కటే రిహార్సల్, అదీ చాలాసార్లు షో రోజునే. రెండున్నర గంటలు అనుకుందాం. ఇరవై నిమిషాల బ్రేక్ పోతే 130 నిమిషాలు. షోలో పాటలే 100 నిమిషాలు. అంటే ప్రతి పాటనూ ఒక్కసారి వాయిస్తే మిగిలేది అరగంట. మైకులు, మానిటర్లు, సందేహాలు అన్నీ ఆ అరగంటలోనే. "బార్ 47లో మూడో హార్న్‌కి రాసింది బి ఆ, బి ఫ్లాటా?" అని ఒకాయన చెయ్యెత్తాడనుకోండి. బార్ అంటే పాటలో కొన్ని బీట్‌ల ముక్క. తేలడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ అరవై మంది ఆగి ఉన్నారు. మొత్తం కలిపితే రెండు గంటల పని గాల్లో కలిసినట్టే. పార్ట్‌లో ఒక్క గుర్తు మర్చిపోయినందుకు.

దీనికంటే ఘోరం, స్టేజీ మీద పాటను సాగదీయడం. జనం ఊపు చూసి సింగర్ కోరస్ మళ్లీ ఎత్తుకుంటాడు. డ్రమ్మర్ నవ్వుతాడు, బేసిస్ట్ తలూపుతాడు, బ్యాండ్ వరకు అయితే అక్కడితో సరి. ఆర్కెస్ట్రా ముందు మాత్రం కాగితం ఉంది. అందులో తర్వాతి బార్ నుంచి బ్రిడ్జ్, అంటే కోరస్ తర్వాత వచ్చే వేరే భాగం. ట్రంపెట్ వాళ్లు 32 బార్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుని, 33వ బార్‌లో ఠంచనుగా ఎత్తుకుంటారు. మీరు కోరస్‌లో, వాళ్లు బ్రిడ్జ్‌లో.

ఒకసారి నా కళ్ల ముందే జరిగింది. గిటార్ సోలో 16 బార్లు అనుకున్నాం. ఆ రోజు గిటారిస్ట్ మంచి మూడ్‌లో ఉన్నాడు, ఇంకో ఎనిమిది వాయించాడు. నిజం చెప్పాలంటే ఆ ఎనిమిది బార్లే షో మొత్తానికి బాగున్నాయి. కండక్టర్ ఒక చేత్తో బీట్ ఇస్తూనే "హెచ్! హెచ్!" అని అరుస్తున్నాడు, అంటే కాగితం మీద హెచ్ అని అక్షరం గుర్తు పెట్టిన చోటు నుంచి అందుకోండి అని. వయొలిన్లలో సగం మందికి వినబడింది, సగం మందికి లేదు. జనం ఇదేదో కొత్త ప్రయోగం అనుకుని చప్పట్లు కొట్టారు. సౌండ్ డెస్క్ వెనక నేను తల పట్టుకున్నాను. తప్పు నాదే. సైగ చేసేదాకా అవే బార్లు తిప్పమని ఓపెన్ రిపీట్ రాసి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. ముందుగా అడగలేదు. అప్పటి నుంచి ప్రతి బ్యాండ్‌నూ ఒకటే అడుగుతున్నాను: ఒరిజినల్ ఆల్బమ్ కాదు, మీరు స్టేజీ మీద వాయించిన రికార్డింగ్ పంపండి. నేను రాయాల్సింది దానికి.

కాగితం విలువ తెలియాలంటే డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండ్ కథ చాలు. 1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో, కీబోర్డిస్ట్ జాన్ లార్డ్ బ్యాండ్‌కూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన కాన్చెర్టోను రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించారు. కండక్టర్ మాల్కం ఆర్నాల్డ్. 1970లో ఆ స్కోర్, అంటే అందరి స్వరాలూ రాసిన కాగితాలు, ఎక్కడో పోయింది. రికార్డింగ్ ఉంది, రాసినాయన ఉన్నాడు, ఆర్కెస్ట్రాలకు లోటు లేదు. అయినా వాయించడానికి వీల్లేకపోయింది. చివరికి నెదర్లాండ్స్ స్వరకర్త ఒకాయన రికార్డింగ్ మళ్లీ మళ్లీ వింటూ స్కోర్ తిరగరాస్తే, 1999లో అదే హాల్‌లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో మళ్లీ మోగింది. "వింటే పట్టేస్తారు" అనేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

బీటిల్స్ 'ఎ డే ఇన్ ది లైఫ్'లో ఆర్కెస్ట్రా అడుగు నుంచి ఆకాశానికి ఎగబాకినట్టు వినిపించే చోటు ఉంటుంది కదా, అక్కడ ఎవరికి తోచింది వాళ్లు వాయించారని చాలామంది అనుకుంటారు. 1967 ఫిబ్రవరి 10న ఆ 40 మంది ముందూ కాగితాలున్నాయి. ఏ స్వరంతో మొదలుపెట్టాలి, ఎక్కడికి చేరాలి, మధ్యలో సుమారుగా ఎక్కడుండాలి అనేది వాళ్ల ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ రాసిపెట్టాడు. ఆ గందరగోళానికీ పార్ట్స్ ఉన్నాయి!

అపోహ: ఆర్కెస్ట్రా వస్తే సౌండ్ అమాంతం పెద్దదైపోతుంది

కాదు. ఒక డ్రమ్మర్, రెండు గిటార్ యాంప్‌లు చాలు, అరవై మందినీ మింగేయడానికి. డిస్టార్షన్ (గరగరలాడే సౌండ్) పెట్టిన గిటార్ మధ్య స్థాయిని మొత్తం ఆక్రమించుకుంటుంది. అక్కడే వయోలాలు, చెల్లోలు ఉంటాయి. గిటార్ రిఫ్‌నే వాళ్లకూ రాసిస్తే వాళ్లు చెమటలు కక్కుతూ వాయిస్తారు, ఒక్క ముక్క వినబడదు. అందుకే గిటార్ ఉన్న చోట నేను వయొలిన్లను పైకి తీసుకెళ్తాను, లేదా పూర్తిగా ఆపేస్తాను. ఖాళీ బార్లు చూసి "డబ్బులిచ్చి పిలిచాం, ఊరికే కూర్చోబెడతారా?" అని అడిగేవాళ్లుంటారు. కూర్చోబెడతాను. గిటార్ ఆగిన చోట ఒక్కసారిగా స్ట్రింగ్స్ లేస్తే జనం వెన్ను నిటారవుతుంది, అది ఆ ఖాళీ వల్లే.

దూరం ఇంకో చిక్కు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. డ్రమ్స్‌కు 15 మీటర్ల అవతల కూర్చున్న ట్రాంబోన్ వాళ్లకు బీట్ చేరేసరికి సుమారు 44 మిల్లీసెకన్లు. దాన్ని విని వాయిస్తే వాళ్ల స్వరం మళ్లీ అంతే ఆలస్యంగా వెనక్కి వస్తుంది. పైగా ఆర్కెస్ట్రా వాళ్లకు కండక్టర్ బీట్ తర్వాత రవ్వంత ఆగి అందుకోవడం అలవాటు. డ్రమ్మర్ ఏమో వాళ్లు లాగుతున్నారని విసుక్కుంటాడు. కండక్టర్ చెవిలో క్లిక్ (బీట్ చెప్పే టిక్ టిక్ శబ్దం) పెడితే సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. "క్లిక్ పెడితే ఫీల్ పోతుంది" అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

డ్రమ్స్ ముందు కూర్చునే వాళ్లు చెవుల గురించి భయపడటంలో మాత్రం తప్పేమీ లేదు. ఆ భయాన్ని నాజూకుతనం అని ఎగతాళి చేయకండి. వాళ్ల బతుకుదెరువు ఆ చెవులే. పారదర్శక షీల్డ్ పెట్టించండి, ఇయర్‌ప్లగ్స్ ఇప్పించండి, వీలైతే కుర్చీలు జరపండి.

అపోహ: హాలుకు లైసెన్స్ ఉంది, ఇక ఏ అనుమతీ అక్కర్లేదు

పాటను జనం ముందు వాయించడానికి హాలు తీసుకునే లైసెన్స్ పనికొస్తుంది. ఆ పాటకు కొత్తగా ఆర్కెస్ట్రా అరేంజ్‌మెంట్ రాయించడం వేరే హక్కు, దానికి మ్యూజిక్ పబ్లిషర్‌ను అడగాలి. షో వీడియో తీసి బయటపెట్టాలంటే ఇంకోటి. ఇప్పటికే అనుమతి ఉన్న అరేంజ్‌మెంట్‌ను అద్దెకు తీసుకోవడం అన్నిటికన్నా తేలిక. నాకు పని పోయినా సరే, టైమ్ లేనప్పుడు నేను చెప్పేది అదే.

అపోహ: స్కేల్ ఏదైనా ఒకటే

గిటార్‌కు E మేజర్ స్కేల్ హాయి. బి ఫ్లాట్ ట్రంపెట్‌కు రాసే స్వరం, వినబడే స్వరం కంటే ఒక మెట్టు పైన ఉంటుంది, కాబట్టి అదే పాటలో వాళ్ల కాగితం మీద ఎఫ్ షార్ప్ మేజర్, ఆరు షార్ప్‌లు. వాయిస్తారు, కాకపోతే మిమ్మల్ని తిట్టుకుంటూ. ఆర్కెస్ట్రా 442 హెర్ట్జ్‌కి శ్రుతి చేసుకుంటే మీ ట్యూనర్, కీబోర్డు 440లో ఉన్నాయేమో ముందే చూసుకోండి.

అపోహ: అసలు బ్యాండే చేయనిది, నకలు చేసేవాళ్లకు ఆర్కెస్ట్రా ఎందుకు?

బీటిల్స్ 1966 ఆగస్టులో టూర్లు ఆపేశారు. పైన చెప్పిన 1967 పాటను వాళ్లు ఆర్కెస్ట్రాతో స్టేజీ మీద ఎప్పుడూ వాయించలేదు. ఆ పాటను లైవ్‌లో వినాలంటే మరి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

అపోహ: నొటేషన్ రాకపోతే ఆర్కెస్ట్రా ముందు పరువు పోతుంది

ఒక బేసిస్ట్ షోకు రెండు రోజుల ముందు అర్ధరాత్రి మెసేజ్ పెట్టాడు: "అన్నా, నాకు నొటేషన్ రాదు. ఎవరికీ చెప్పలేదు. తప్పుకోమంటావా?" పాపం, నెల రోజులుగా ఆ టెన్షన్ ఒక్కడే మోశాడు. పొద్దున్నే కూర్చుని ప్రతి పాటకూ ఒక పేజీ రాసిచ్చాను. పాట సాహిత్యం, పక్కన బార్ నంబర్లు, లెటర్లు, ఎవరు ఎక్కడ ఎత్తుకుంటారో ఒక్కో మాటలో. రిహార్సల్‌లో కండక్టర్ "లెటర్ డి" అనగానే అందరికంటే ముందు అందుకున్నది అతనే. బ్రేక్‌లో చెల్లో వాయించే పెద్దాయన అతని దగ్గరికొచ్చి, ఆ పేజీ చూపించి, "నాకూ ఒక కాపీ దొరుకుతుందా?" అని అడిగాడు.