మూడు గళ్ళలో విజయనగరం సముద్రం

విజయనగరం జిల్లాకి ఉన్న తీరం 28 కిలోమీటర్లు. భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోనే మొదలై అక్కడే అయిపోతుంది. 1988లో భూమి మొత్తానికి ఎత్తులూ లోతులూ కలిపి ఈటోపో5 అనే అంకెల పట్టిక వచ్చింది. అందులో ఒక్కో గడి వెడల్పు సుమారు 9 కిలోమీటర్లు. అంటే ముక్కాం, చింతపల్లి, కోనాడ, తిప్పలవలస అన్నిటి ముందరి సముద్రం కలిపి మూడు గళ్ళు. గడికి ఒకే లోతు.

ఇది మనకెందుకంటే, తుపాను వచ్చినప్పుడల్లా ఉప్పెన ఇంత ఎత్తు రావచ్చని ఒక అంకె చెబుతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటినప్పుడు ఆ అంకె కోసమే టెన్షన్‌తో ఎదురుచూశాం. దాన్ని కంప్యూటర్ నమూనా లెక్కకడుతుంది. గాలి ఎంత, తుపాను ఎటు అని అందరం అడుగుతాం. నీటి కింద నేల ఎలా ఉందని అడిగేవాళ్ళు తక్కువ. అదే గాలి లోతు తక్కువున్న చోట నీటిని ఎక్కువ ఎత్తుకి తోస్తుంది. సునామీ సంగతీ అంతే. 3,000 మీటర్ల లోతులో గంటకు 600 కిలోమీటర్లకు పైగా పరిగెత్తే అల, 10 మీటర్ల లోతుకి వచ్చేసరికి 36 కిలోమీటర్లకు తగ్గుతుంది, తగ్గినకొద్దీ ఎత్తు పెరుగుతుంది. లోతు తప్పుగా ఉంటే అల వచ్చే వేళా తప్పే, ఎత్తూ తప్పే.

లోతు కొలవడం ఇక్కడ కొత్త విద్య కాదు. తాడుకి బరువు కట్టి నీళ్ళలోకి వదిలి, అడుగు తగిలాక పైకి లాగుతూ రెండు చేతులూ చాచి బారలు లెక్కపెట్టడం మన గంగపుత్రులకి తెలిసిన పనే. ఇంగ్లిష్ ఓడలవాళ్ళు చేసిందీ అదే. వాళ్ళ ఫాదమ్ అంటే ఆరడుగులు, మన బారే. సీసపు గుండు అడుగున కొవ్వు పూసేవాళ్ళు. దానికి అంటుకొచ్చింది ఇసుకా, బురదా, గుల్లా చూసి అదీ పటంలో రాసేవాళ్ళు. చింతపల్లి ఎదుట సముద్రంలో ఉన్న రాళ్ళకి ఓడలు తగలకుండా 1847లోనే అక్కడ లైట్‌హౌస్ కట్టారు. 1874లో కలకత్తాలో మెరైన్ సర్వే శాఖ ఏర్పడింది. స్వతంత్రం వచ్చాక, 1954లో ఆ పని డెహ్రాడూన్‌కి చేరింది. సముద్రానికి అంత దూరంలో ఉన్న ఆ ఊళ్ళోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయమే ఇవాళ్టికీ మన సముద్ర పటాలు తయారుచేస్తుంది.

అయితే ఆ పటాలు ఓడల కోసం. ఓడకి కావలసింది ఎక్కడ ఆనకుండా పోవచ్చన్నది. అందుకే రేవుల దగ్గర, ఓడ దారుల్లో కొలతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. రేవు లేని పల్లె ముందు, నాలుగైదు మీటర్ల నీళ్ళలో, పలచబడిపోతాయి. ఉప్పెనకి కావలసినవి సరిగ్గా ఆ నీళ్ళే. నా దృష్టిలో ఈ మొత్తం చిక్కుకి మూలం అక్కడే ఉంది.

తర్వాత ఉపగ్రహాలు వచ్చాయి. సముద్రగర్భంలో కొండ ఉంటే దాని ఆకర్షణకి పైన నీటిమట్టం కాస్త ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కొలిచి లోతు అంచనా వేయొచ్చు. జియోశాట్ ఉపగ్రహం కొలతల మీద అమెరికా నౌకాదళం పెట్టిన గోప్యత 1995లో పూర్తిగా తొలగింది. 1997లో స్మిత్, శాండ్‌వెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ పద్ధతిలో ప్రపంచ సముద్రాల లోతు పటం అచ్చువేశారు. లోతైన సముద్రానికి అది గొప్ప మలుపు. మన బంగాళాఖాతంలో మాత్రం గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన మట్టి కిలోమీటర్ల మందాన పేరుకుని అడుగు నేల రూపాన్ని కప్పేసింది. తీరం దగ్గర లోతులేని నీళ్ళలో ఆ ఉబ్బు మరీ నమ్మదగింది కాదు.

2004 సునామీ తర్వాత పని ఊపందుకుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు డెహ్రాడూన్ పటాల మీది లోతులని, 200 మీటర్లలోపువి, అంకెలుగా మార్చి ఈటోపో పట్టికల్ని సరిదిద్ది 2007లో అందరికీ అందించారు. బార లెక్కల కాలం నుంచి వచ్చిన శ్రమంతా అలా కంప్యూటర్‌లోకి చేరింది. అదే ఏడాది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఇప్పుడు ఎక్కువమంది వాడే, జెబ్కో అనే ప్రపంచ సముద్ర లోతుల పట్టికలో, 2019 నుంచి, గడి సుమారు 450 మీటర్లు. విజయనగరానికి మూడు కాదు, అరవై దాకా గళ్ళు. గడి చిన్నదైతే లోతు తెలిసినట్టు కాదు. కొలత లేని చోట చుట్టుపక్కల అంకెల మధ్య గీత లాగి నింపుతారు. ప్రపంచ సముద్రగర్భంలో నిజంగా కొలిచిన భాగం 2017 నాటికి 6 శాతమే. ఇప్పుడిప్పుడే పావు వంతు దాటింది.

లోతుకి తోడు ఒడ్డు గీత ఉంది. భారతదేశ తీరం 7,516 కిలోమీటర్లని బళ్ళో చదువుకున్నాం. ఆ కొలత 1:45,00,000 స్కేలు పటం మీదిది. అందులో విజయనగరం తీరం ఆరు మిల్లీమీటర్లు. 1:2,50,000 స్కేలుతో మళ్ళీ కొలిస్తే దేశానికి 11,098, ఆంధ్రప్రదేశ్‌కి 974 బదులు 1,053 కిలోమీటర్లు వచ్చింది. నేల పెరగలేదు, వంకలు కనబడ్డాయి. నమూనాల వాళ్ళు ఏళ్ళుగా వాడుతున్న ప్రపంచ తీరరేఖకి మూలమైన పటంలో, పదింట తొమ్మిది వంతుల తీరం అసలు చోటుకి 500 మీటర్లలోపు ఉంటే చాలన్నది నియమం. 500 మీటర్లంటే మన దగ్గర ఒక బెస్తపల్లె మొత్తం.

ఒడ్డు మీది గడి నేలా, నీరా అని పట్టికలో చేత్తో దిద్దాలి. అసలు ఓపిక కావలసింది ఇక్కడే. శ్రీకాకుళం జిల్లా కళ్ళేపల్లి దగ్గర నాగావళి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, తీసుకోండి. మన తీరంలో కెరటాలు ఇసుకని మొత్తమ్మీద విశాఖ వైపు నుంచి ఒడిశా వైపు నడిపిస్తుంటాయి. ఏటిలో నీరు తగ్గితే మొగకి అడ్డంగా ఇసుక తిన్నె లేస్తుంది. వరదొస్తే తెగుతుంది. ఎండాకాలంలో ఉపగ్రహం తీసిన బొమ్మ చూస్తే ఆ గడి నేల, వానాకాలపు బొమ్మ చూస్తే నీరు. నేల అని రాస్తే ఉప్పెన ఏటిలోకి ఎక్కనే ఎక్కదు. నీరు అని రాస్తే, ఎంత లోతు? ఉప్పెన కోసమైతే నేను నీరే రాస్తాను. తుపాన్ల కాలానికి మొగ తెరిచే ఉండొచ్చు.

ఇంకో రెండు చోట్ల చెయ్యి పడాలి. పటం మీది లోతు అతి తక్కువ పాటు మట్టం, అంటే సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పటి మట్టం, నుంచి కొలిచింది, నమూనాకి సగటు మట్టం నుంచి కావాలి. తేడా మీటరుకి దగ్గరగా ఉంటుంది. మూడు మీటర్ల నీళ్ళలో అది చిన్న విషయం కాదు. రెండోది వాలు. ఒడ్డు నుంచి మెల్లగా దిగే నేల 200 మీటర్ల లోతు దాటాక గబుక్కున జారుతుంది. కొన్ని నమూనాల్లో ఆ వాలు నిటారుగా ఉంటే, కదలకుండా ఉండాల్సిన నీటిలో లేని ప్రవాహాలు పుడతాయి. అందుకని వాలుని నున్నగా చేస్తారు. అలా నున్నన చేయడంలోనే, గడికొక సగటు తీయడంలోనే, చింతపల్లి రాళ్ళు మాయమైపోతాయి.

శ్రీకాకుళం జిల్లాలోనే సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. సముద్రంలోకి గోడ కడితే దక్షిణాన ఇసుక చేరుతుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. ఓడల కోసం తవ్విన కాలవ లోతు పాత పట్టికల్లో ఉండదు. పోర్టు కోసం తీసిన కొత్త కొలతలు పోర్టు ఫైళ్ళలోనే ఉండిపోకుండా ఉప్పెన లెక్కలు వేసే వాళ్ళ చేతికి అందాలి. శ్రీకాకుళం ముందరి గళ్ళు మళ్ళీ దిద్దాలి, ఈసారి వచ్చే తుపానుకి ముందే.